ఇది స్త్రీల సమస్య ఎలా అవుతుందని అడిగినవారికి

ఆ మధ్య విశాఖలో జరిగిన ఒక సాహిత్య సభలో నేనో పది నిమిషాలు మాట్లాడాను. పెందుర్తి చుట్టుపక్కల ప్లాస్టిక్ కవర్ల మీద అచ్చువేసే షెడ్లలోనూ, ఫ్లెక్సీ దుకాణాల్లోనూ పనిచేసే ఆడవాళ్లు పీల్చే గాలి గురించి. అయిపోయాక, అందరూ గౌరవించే ఒక పెద్ద రచయిత మైకు తీసుకున్నారు. "అమ్మాయి చెప్పింది బాధాకరమే. కానీ ఇది కాలుష్యానికి సంబంధించిన విషయం, కార్మిక సంఘాలు చూసుకోవాలి. ఇందులో స్త్రీల సమస్య ఏముంది? గాలికి ఆడా మగా తేడా ఉంటుందా?" అన్నారు. సభ నవ్వింది. మర్యాదకు నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వినందుకు ఇంటికొచ్చేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆయన అలా అంటున్నప్పుడు వేదిక మీద ఆయన వెనకాల పన్నెండడుగుల ఫ్లెక్సీ వేలాడుతోంది. దాని మీద ఆయన ఫొటో, మా అందరి పేర్లు. ఆ ఫ్లెక్సీ అంచులు మడిచి అతికించి, తాడు కట్టడానికి రింగులు కొట్టిన మనిషి ఎవరో నాకు తెలుసు. మా వీధి చివర ఉంటుంది. నేను అప్పా అని పిలుస్తాను.

ఆయన ప్రశ్న వెటకారమని కొట్టిపారేయొచ్చు. కానీ ఈ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. మనవాళ్లలో చాలామంది మనసులో ఉన్నదే ఆయన బయటికి అన్నారు. అంచేత జవాబు చెప్పాల్సిందే.

అప్ప ఇంతకు ముందు కవర్లు అచ్చువేసే షెడ్డులో ఆరేళ్లు చేసింది. బట్టల షాపులవాళ్లూ మిఠాయి దుకాణాలవాళ్లూ పేరు వేయించుకునే కవర్లు. ఇప్పుడు ఫ్లెక్సీ దుకాణంలో చేస్తోంది. రెండు చోట్లకీ ఆమెతో పాటు వెళ్లి కూర్చున్నాను. షెడ్డులో పెద్ద రోలు ఒక పక్క నుంచి విప్పుకుంటూ వచ్చి, సిరా పూసిన రోలర్ల మధ్య నుంచి పోయి, వేడిగాలి తగిలి ఆరి, ఇంకో పక్క చుట్టుకుంటుంది. చూడ్డానికి బాగుంటుంది. గంటసేపు అలా చూస్తూ ఉండిపోయాను. ఆ గంటకే కళ్లు మండి, నాలుక మీద ఏదో తియ్యటి చేదు.

సిరా ఆరడమంటే ఏమిటని అంతకు ముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. సిరాతో బతికే వృత్తిలో ఉండి కూడా. కాగితం సిరాని పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ పీల్చుకోదు. అంచేత దాని మీద రంగు నిలవాలంటే రంగుని టోలీన్‌లోనో ఇథైల్ ఎసిటేట్‌లోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లోనో కలిపి పూయాలి, తర్వాత ఆ ద్రావకం ఆవిరైపోవాలి. ఇలాంటి సిరాలో సగానికి పైగా ద్రావకమే. డబ్బా మీద డబ్బా ఖాళీ అవుతూ ఉంటే, కవరు మీద మిగిలేది పలచటి రంగు పొర. తక్కినదంతా ఎక్కడికి పోయింది? గొట్టం పెట్టి లాగి బయటికి పంపకపోతే అదంతా ఆ రేకుల షెడ్డులోనే ఉంది. అంటే ఆరడం అనేది ఈ పనిలో అనుకోకుండా జరిగే ప్రమాదం కాదు, పొరపాటూ కాదు. పని అంటేనే అది. రోజూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా.

ఇక్కడ గాలికి ఆడా మగా తేడా ఉందో లేదో చూద్దాం. మిషను మీద మగవాళ్లు. నిలబడి పనిచేస్తారు, వాళ్ల జీతం ఎక్కువ, మధ్యలో బీడీకో టీకో బయటికి పోతారు. నింపాదిగా పోతారని కాదు, పోగలరు. ఆడవాళ్లు కింద కూర్చుంటారు. కోసిన కవర్లు వందేసి లెక్కపెట్టి కట్టలు కట్టడం, చెడిపోయినవి ఏరడం, థిన్నర్‌లో ముంచిన బనీను గుడ్డతో ట్రేలు, రోలర్లు తుడవడం వీళ్ల పని. లెక్క తప్పితే మళ్లీ మొదటికి రావాలి కాబట్టి మధ్యలో లేవరు. టోలీన్ ఆవిరి గాలికన్నా మూడింతలు బరువు. మూత తీసిన డబ్బా నుంచి, తడి గుడ్డల కుప్ప నుంచి లేచినది ముందు కిందికే దిగుతుంది. ఆ కింద ఉన్నది ఎవరు? కాన్పుకి వెళ్లొచ్చి మూడో నెలకే పనిలోకి దిగిన పిల్ల ఉంది. ముట్టు ఆగిపోయే వయసులో అప్ప ఉంది. పని అయ్యాక చేతులకంటిన రంగు పోవడానికి మళ్లీ ఆ థిన్నర్‌తోనే కడుక్కుంటారు, సబ్బుకి పోదు కాబట్టి.

"వాసనేటి చెల్లీ, మొదట్రెండు రోజులే. తర్వాత ముక్కుకి తెలీదు. తలకే తెలుస్తాది" అంది అప్ప. "సాయంత్రానికి తల దిమ్మెక్కిపోద్ది. ఇంటికెల్లి అన్నం వారుస్తుంటే గంజి వాసన కూడా తెలీదు."

అలవాటైపోతుందని యజమానులు ధైర్యం చెప్పేది దీన్నే. ముక్కు అలవాటు పడ్డమంటే ఒంటికి ఏమీ కావడం లేదని కాదు, కాపలా కుక్క నిద్రపోయిందని. కరోనా తర్వాత అన్నిచోట్లా మాస్కులు ఇస్తున్నామని ఇంకో మాట చెబుతారు. ఆ నీలం మాస్కు తుంపర్లను ఆపుతుంది. ఆవిరిని ఆపదు. ఆవిరిని పట్టుకోవాలంటే బొగ్గు నింపిన కార్ట్రిడ్జి ఉండాలి, దాన్ని ఎప్పటికప్పుడు మార్చాలి. అయినా మాస్కు దాకా వచ్చామంటేనే యజమాని పెట్టాల్సిన ఫ్యానూ గొట్టమూ కార్మికురాలి మొహానికి కట్టేశామన్నమాట.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ షెడ్డులో ఇరవై నాలుగేళ్ల అమ్మాయికి రెండుసార్లు గర్భం పోయింది. రెండూ మూడో నెలలోనే. అది టోలీన్ వల్లే పోయిందని నేను చెప్పలేను, డాక్టరైనా చెప్పలేదు. చెప్పాలంటే ఆమె కూర్చునే చోట గాలిలో ఏది ఎంత ఉందో ఎవరైనా కొలిచి ఉండాలి. ఎవరూ కొలవలేదు. కానీ కొలత లేకపోయినంత మాత్రాన తీర్పు ఆగలేదు. ఒళ్లు వేడి అన్నారు. కాలు మంచిది కాదన్నారు. సెల్‌ఫోను ఎక్కువ చూస్తుందన్నారు. అత్తగారు కొడుక్కి వేరే సంబంధం మాట కూడా ఎత్తిందట. ఆస్పత్రిలో చీటీ రాసేటప్పుడు ఏం పని చేస్తావని అడిగితే "కవర్ల పని" అని చెప్పింది. ఏం కవర్లో, అక్కడేం వాడతారో ఎవరూ అడగలేదు.

ఇందులో స్త్రీల సమస్య ఏముందని అడిగారు కదా. అందరూ పీల్చే గాలికి ఒకళ్ల ఒళ్లు మాత్రమే దోషిగా నిలబడ్డమే స్త్రీల సమస్య.

1992లో సింగపూర్‌లో స్పీకర్లు తయారుచేసే ఫ్యాక్టరీలోని ఆడవాళ్ల మీద ఒక పరిశోధన వచ్చింది. జిగురు నుంచి వచ్చే టోలీన్ అక్కడి గాలిలో సగటున 88 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 88 పాళ్లు. ఆ గాలిలో పనిచేసినవాళ్లలో నూటికి 12కి పైగా గర్భాలు పోయాయి. అదే ఫ్యాక్టరీలో టోలీన్ అంతగా తగలని పనుల్లో ఉన్నవాళ్లలో నూటికి 3 లోపు. ఇలాంటివి చూసే అమెరికాలోని పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం 2007లో టోలీన్ పరిమితిని 20కి తగ్గించింది. తగ్గించడానికి చెప్పిన కారణాల్లో గర్భనష్టం అన్న మాట స్పష్టంగా ఉంది. మరి మన సంగతి? భోపాల్ తర్వాత 1987లో మన ఫ్యాక్టరీల చట్టంలో ఒక పట్టిక చేర్చారు, ఏ రసాయనం పనిచోటి గాలిలో ఎంతవరకు ఉండొచ్చో. అందులో ఎనిమిది గంటల పనికి టోలీన్ పరిమితి 100 పీపీఎం. సింగపూర్‌లో ఆడవాళ్ల గర్భాలు పోయిన గాలి మన చట్టం ప్రకారం మంచి గాలి! ముప్పై ఏళ్లకు పైగా ఆ అంకె అలాగే ఉండిపోయింది. పనిచేసే మనిషి అనగానే చట్టం కళ్లముందు ఎవరు నిలబడ్డారు? గర్భసంచి ఉన్న మనిషి మాత్రం కాదు.

అది కూడా ఫ్యాక్టరీ అనిపించుకున్నచోటే. కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటేనే ఆ చట్టానికి అది ఫ్యాక్టరీ. మా అప్ప చేసిన షెడ్డులో హాజరు పుస్తకంలో ఎప్పుడూ తొమ్మిది పేర్లే ఉండేవి. పనిచేసేవాళ్లు పదిహేనుమంది. మిగతా ఆరుగురు, అందరూ ఆడవాళ్లే, "సాయానికి వచ్చినవాళ్లు". 2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చి పాత చట్టాన్ని తీసేశాయి. ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పది కాస్తా ఇరవై అయింది. ఇక హాజరు పుస్తకంలో పేర్లు దాచాల్సిన శ్రమ కూడా తప్పింది. ప్రమాదకరమైన పని అని ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే ఈ సంఖ్య అడ్డు రాదంటారు. కవర్ల షెడ్డుని ప్రమాదకరమని ఎవరు ప్రకటిస్తారో చూడాలి.

ఈ మాటలు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు సానుభూతిగా అనే మాట ఒకటుంది: "అలాంటప్పుడు ఆడవాళ్లని ఆ పనిలో పెట్టుకోకూడదమ్మా." నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ మాటకే. ఈ దయ ఎక్కడిదాకా పోతుందో చరిత్రలో ఉంది. 1978లో అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని ఒక రంగుల ఫ్యాక్టరీ, పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లు సీసం ఉన్న విభాగంలో పనిచేయకూడదని నిబంధన పెట్టింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకుంటే చేయొచ్చంది. ఐదుగురు ఉద్యోగం కోసం ఆపరేషను చేయించుకున్నారు. సీసం అలాగే ఉంది, మగవాళ్లు అందులోనే పనిచేశారు. బ్యాటరీల కంపెనీ ఒకటి పెట్టిన ఇలాంటి నిబంధనే 1991లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసేదాకా చట్టబద్ధంగానే నడిచింది. మన పాత ఫ్యాక్టరీల చట్టం కూడా కొన్ని ప్రమాదకరమైన పనుల్లో ఆడవాళ్లని, పిల్లల్ని ఒకే వాక్యంలో కలిపి నిషేధించేది. కొత్త కోడ్ ఆ నిషేధం తీసేసి, ఆడవాళ్లు ఏ పనైనా చేయొచ్చు, ఒప్పుకుంటే రాత్రిపూట కూడా చేయొచ్చంటోంది. తగిన రక్షణలు ఉండాలని ఒక మాట ఉంది. నిషేధం పోయినందుకు సంతోషమే. గాలి మారకుండా నిషేధం మాత్రమే పోతే ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. ఆడవాళ్లని గాలి నుంచి తీసేయండని మేం అడగడం లేదు. గాలిలోంచి టోలీన్ తీసేయమంటున్నాం. అది తీస్తే మిషను మీద ఉన్న మగవాడి ఊపిరితిత్తులూ బాగుపడతాయి. మా స్వార్థంలో ఆయనా ఉన్నాడు.

మగవాళ్లకి ఏమీ కాదని నేననడం లేదు. జపాన్‌లో ఒసాకాలోని ఒక చిన్న ముద్రణాలయంలో పనిచేసిన యువకులకు పిత్తవాహిక క్యాన్సర్ వచ్చింది. మామూలుగా ముసలివాళ్లకి అరుదుగా వచ్చే జబ్బు. మిషన్ల మీద సిరా తుడవడానికి వాడిన డైక్లోరోప్రొపేన్ అనే ద్రావకమే కారణమని 2012 తర్వాత తేలింది. గాలి బయటికి పోయే దారి లేని గదిలో రోజుకి వందలసార్లు తుడిచారు. అప్పటికి ఆ ద్రావకం చెడ్డదని ఏ జాబితాలోనూ గట్టిగా లేదు. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటిలో చేర్చింది. వాళ్లు చచ్చిపోయాక జాబితాకి ఎక్కింది. మా షెడ్డులో తుడిచే థిన్నర్‌లో ఏముందో డబ్బా మీద లేదు. "థిన్నర్" అని ఉంది, ఒక మంట బొమ్మ ఉంది.

ఈ ఊరివాళ్లకి గాలి గురించి చెప్పాల్సిన అవసరం లేదనుకుంటాం. 2020 మే 7న తెల్లవారుజామున మూడు గంటల వేళ, ఇదే పెందుర్తి మండలంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. పన్నెండుమంది చనిపోయారు. నడుస్తూ నడుస్తూ రోడ్డు మీద పడిపోయినవాళ్ల దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. సైరను మోగలేదని తర్వాత ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ రాసింది. స్టైరీన్ అంటే ప్లాస్టిక్ తయారీకి ముడిసరుకే, మన థర్మోకోల్‌కి అమ్మలాంటిది. ఆ రాత్రి గురించి కవితలు వచ్చాయి, నేనూ ఒకటి రాశాను. రెండేళ్ల తర్వాత, 2022లో, జూన్ 3న ఒకసారి, ఆగస్టు 2న ఇంకోసారి, అచ్యుతాపురం బ్రాండిక్స్ సెజ్‌లో లోదుస్తులు కుట్టే ఆడవాళ్లు వందకు పైగా ఒకేసారి వాంతులతో, ఊపిరాడక ఆస్పత్రులపాలయ్యారు. దాని గురించి ఎన్ని కవితలు వచ్చాయి? చనిపోలేదు కాబట్టి రాలేదు. ఇక రోజూ కాస్త కాస్త పీల్చేవాళ్ల గురించి చెప్పనే అక్కర్లేదు. ఆ లెక్కన మన కవిత్వానికీ ప్రభుత్వ పరిహారానికీ పెద్ద తేడా లేదు. రెండూ శవం పడితేగానీ కదలవు.

గాలి నాణ్యత చూపించే సూచీలో 45 అని, 120 అని ఒక అంకె వస్తుంది కదా, చాలామంది అది చూసి ఊరి గాలి తెలిసిపోయిందనుకుంటారు. ఆ సూచీ లెక్కలోకి తీసుకునేవి ఎనిమిదే: రెండు రకాల ధూళి, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమోనియా, సీసం. స్టైరీన్ లేదు. టోలీన్ లేదు. అదైనా బయటి గాలి. షెడ్డు గోడల లోపల గాలి ఎవరి సూచీలోనూ లేదు, మన వంటింటి పొగ ఎన్నో ఏళ్లు ఎవరి లెక్కలోనూ లేనట్టే.

ఫ్లెక్సీ దుకాణం సంగతి ఇంకో రకం. అక్కడ ఏసీ ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు చల్లగా ఉందని సంతోషించాను. ఆ ఏసీ మనుషుల కోసం కాదు. సిరా చిమ్మే హెడ్లు లక్షల ఖరీదు, దుమ్ముపడితే పాడవుతాయి, వేడెక్కితే పాడవుతాయి. అందుకని తలుపులు బిగించి, కిటికీలకు అట్టలు కొట్టి, లోపలి గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తారు. అందులో సాల్వెంట్ సిరా, పీవీసీ వాసన, అంచులు అతికించే జిగురు, అప్ప. యంత్రానికి దుమ్ము పడదని తెలిసిన చోట మనిషికి ఏది పడదో తెలియదు.

2022 ఆగస్టు 26న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి విశాఖలోనే ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. సముద్రం శుభ్రం చేసే కార్యక్రమంలో. గడువు పెట్టారు, పొడిగించారు. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. ఫ్లెక్సీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు గుర్తున్నంతవరకు ఆ నిషేధం చుట్టూ జరిగిన వాదనంతా రెండే విషయాల మీద: సముద్రం, యజమానుల పెట్టుబడి. చేపకు చోటు దొరికింది, అప్పుకి చోటు దొరికింది, రింగులు కొట్టే మనిషి ఊపిరికి దొరకలేదు.

మనం కూడా ఇవ్వలేదు. నా పిహెచ్.డి. శ్రామిక స్త్రీల పాటల మీద. దంపుడు పాటలు, నాట్ల పాటలు, తిరగలి పాటలు పోగేసి వాటిలో ప్రతిఘటన ఎక్కడుందో మూడొందల పేజీలు రాశాను. పాడాలంటే ఊపిరి ఉండాలన్న సంగతి ఆ మూడొందల పేజీల్లో లేదు. షెడ్డులో ఎవరూ పాడరు. మిషను మోతలో వినపడదనీ కావచ్చు, నోరు తెరిస్తే గొంతు పడుతుందనీ కావచ్చు. 1993లో నీలిమేఘాలు వచ్చినప్పుడు స్త్రీల శరీరం కవిత్వంలోకి రావడమేంటని ఇలాంటి పెద్దలే గగ్గోలు పెట్టారు. పడకగది, ప్రసవగది, వంటగది తలుపులు మన ముందుతరం అలా పోట్లాడే తెరిచింది. ఆ తలుపుల దగ్గరే ఆగిపోయింది మనం. మన పుస్తకావిష్కరణ సభకి ఫ్లెక్సీ, మన మహిళా దినోత్సవానికి ఫ్లెక్సీ, మన ఆరోగ్య శిబిరానికి ఫ్లెక్సీ. ఆ సభకి ఆర్డరిచ్చింది నేనే. అర్జెంటని చెప్పి రాత్రికి రాత్రి వేయించాను. అప్ప ఆ రోజు పదింటిదాకా ఉంది.

అడగాల్సినవి పెద్దవేం కావు. మిషను పక్కనే ఆవిరిని లాగే గొట్టం, బయటికి పోయే ఫ్యాను. డబ్బాలకు, తడి గుడ్డల తొట్టికి మూత. కట్టలు కట్టే పని వేరే గదిలో, బల్ల మీద. థిన్నర్‌లో ఏముందో తెలుగులో. గర్భిణికి జీతం తగ్గకుండా పని మార్పు. గాలిలో ఏది ఎంతవరకు ఉండొచ్చో తేల్చే పని కొత్త కోడ్ రాష్ట్ర ప్రభుత్వ నియమాలకు వదిలింది. పాత 100 మళ్లీ రాసేసే ముందు సింగపూర్ 88 సంగతి వాళ్లకి చెప్పాలి. చెప్పేది కార్మిక సంఘాలు మాత్రమే ఎందుకు కావాలి? షెడ్డులో సంఘం లేదు. తొమ్మిదిమందికి సంఘం ఎవరు పెడతారు?

పోయిన వారం ఆ షెడ్డు ఆడవాళ్లు అడిగితే, టోలీన్ గురించి నాకు తెలిసినంత తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చాను. ఎనిమిది వాక్యాలు. మూత పెట్టమని, చేతులు దాంతో కడగొద్దని, నెల తప్పితే డాక్టరుకి ఈ పేరు చెప్పమని. గోడకి అంటించారు. మూడో రోజుకి యజమాని చింపేశాడట. అప్ప వచ్చి ఇంకోటి రాయమంది. ఈసారి గోడకి కాదట, ఒక్కొక్కరికి ఒకటి, జాకెట్లో పట్టేంత చిన్నది. పదిహేను రాసిచ్చాను.